సూది వేయక ముందే కాగితం మా భాషలో ఇవ్వండి: ఆరోగ్య శాఖకు, సంతాన సాఫల్య కేంద్రాల డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సంతాన సాఫల్య చికిత్స చేస్తున్న డాక్టర్లకు నమస్కారం.

నేను చిత్తూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. నాకు పద్నాలుగు నెలల కూతురు ఉంది. నాకు ముఖం కూడా తెలియని ఒక స్త్రీ ఇచ్చిన అండంతో నా కడుపున పడింది, నా కడుపునే పుట్టింది. ఆ వైద్యం చేసిన చేతులకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. అయినా ఈ లేఖ రాయక తప్పలేదు. మొదటిసారి చికిత్స తీసుకున్న కేంద్రంలో మాకు జరిగినదాని గురించి రెండు జిల్లాల కార్యాలయాల్లో కలిపి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడు రశీదులు బీరువాలో ఉన్నాయి. పది నెలలు గడిచాయి. ఒక్క రశీదుకూ రాతపూర్వక జవాబు రాలేదు. ఈ మధ్యలో మాలాంటి మరికొన్ని జంటలతో పరిచయమైంది. ఇప్పుడు తొమ్మిది జంటలం. వాళ్లందరి తరఫున నేను రాస్తున్నాను. పేర్లు మాత్రం బయట పెట్టడం లేదు. ఈ విషయం పిల్లలకు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది మా ఇళ్లలో మేము తేల్చుకోవాలి. వాళ్లకు అది ఊరివాళ్ల నోట మొదట తెలియకూడదు.

జరిగింది ముందు చెబుతాను.

నాకు ముప్పై నాలుగేళ్లప్పుడు ఏఎంహెచ్ పరీక్ష చేయించారు. అండాశయాల్లో ఎన్ని అండాలు మిగిలి ఉండవచ్చో అంచనా వేసే రక్త పరీక్ష అది. నా ఫలితం 0.3 వచ్చింది. డాక్టర్ గారు కాగితం చూసి, "మీ అండాలతో అవకాశం చాలా తక్కువ, డోనర్‌కు వెళ్లడం మంచిది" అన్నారు. మేము గదిలో ఉన్నది నాలుగు నిమిషాలు. తలుపు బయటికి వచ్చాక నా భర్త "డోనర్ అంటే ఎవరు?" అని నన్ను అడిగారు. నాకూ తెలియదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకున్నాం, రావిచెట్టు చుట్టూ తిరిగాను, ఎవరు ఏ మందు చెబితే అది తాగాను. ఇంకొకరి అండం అన్న మాట మాత్రం అదే మొదటిసారి వినడం. ఆ రాత్రి మా చెల్లి ఫోనులో "నావి తీసుకో అక్కా" అని ఏడ్చింది. మరునాడు వెళ్లి అడిగితే, దాత రిజిస్టరైన బ్యాంకు ద్వారానే, అంటే దాతలను పరీక్షించి కేంద్రాలకు సమకూర్చే సంస్థ ద్వారానే, రావాలన్నారు. చట్టంలో ఉన్నదీ అదే.

అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు నలిగిపోయాను. చెప్పిన రోజు ఆమె ఏమీ మాట్లాడలేదు. అన్నం వడ్డించి, నెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. పొద్దున్నే లేచేసరికి తన చెవుల కమ్మలు కాగితంలో చుట్టి నా బడి సంచిలో పెట్టి ఉన్నాయి. ఆ కమ్మలు, ముందుగా పాడుకున్న ఒక చీటీ, సొసైటీ అప్పు కలిపి మొదటి చికిత్సకు డబ్బు కట్టాం.

బిల్లులో "డోనర్ ప్యాకేజీ" అని ఒకే వరుసలో 3,60,000 రూపాయలు. దాని కింద "ఇన్సూరెన్స్" అని ఇంకో 15,000. ఆ పాలసీ ప్రతి చూపమని అడిగితే "అది మా లోపలి విషయం మేడమ్" అన్నారు. సంతకాల రోజు ఇరవై రెండు పేజీలు ముందు పెట్టారు, అన్నీ ఇంగ్లీషు. సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కులు. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి వేలు ఆనించి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటూ పేజీలు తిప్పింది. ఒక పాఠం విప్పి చెప్పడానికి వారం తీసుకునే నేను, నా కడుపులోకి ఎవరి ప్రాణం రాబోతోందో చెప్పే కాగితాల మీద పదకొండు నిమిషాల్లో సంతకాలు ముగించాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంకొక సంగతి. నా పరీక్షల కోసం వెళ్లిన ఒక ఉదయం వెయిటింగ్ హాలు చివర, మెట్ల దగ్గర, ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై నాలుగో, ఇరవై ఐదో ఉంటాయి. నైటీ మీద చున్నీ కప్పుకుంది. ముంజేతికి సూది తీసిన చోట దూది అదిమి పట్టుకుంది, రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. పక్కన నిలబడిన ఒకావిడ ఫోనులో "అయిపోయింది, బస్సెక్కించేస్తాను" అంటోంది. ఆయమ్మ కొబ్బరినీళ్లు తెచ్చి ఇస్తే ఆ అమ్మాయి రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టేసింది, లేవబోయి మళ్లీ కూర్చుంది. మా దాత ఆమేనని నేను అనడం లేదు. నాకు తెలియదు, తెలియకూడదని చట్టమే చెబుతోంది. కానీ మా దాత కూడా అలాగే ఒక మెట్టు మీద కూర్చుని ఉంటుంది. ఆ రాత్రి ఆమెకు కడుపు ఉబ్బి ఊపిరి ఆడకపోతే ఏ ఆసుపత్రికి వెళ్లింది? డబ్బు ఎవరు కట్టారు? మేము కట్టిన ఆ పదిహేను వేలు ఆమె దాకా వెళ్లాయా?

ఆ చికిత్స ఫలించలేదు. మా పాప తర్వాత వేరే కేంద్రంలో చేయించుకున్న రెండో చికిత్సతో కలిగింది. మాకు "నాలుగు అండాలు" వచ్చాయని చెప్పారు, ల్యాబు కాగితం ఇవ్వలేదు. తర్వాత పరిచయమైన జంటల్లో ఒకరికి అదే కేంద్రంలో, అదే రోజున, అదే బ్లడ్ గ్రూపు దాత నుంచి "మూడు" వచ్చాయట. ఒకే అమ్మాయి అండాలను రెండు ఇళ్లకు పంచారేమోనని మా అనుమానం. అది రుజువైన నిజమని మేము చెప్పడం లేదు. అవునో కాదో తెలుసుకునే దారి మాకు ఎక్కడా దొరకలేదన్నదే మా ఫిర్యాదు. మూడు అర్జీల్లో అడిగింది కూడా అదే.

చట్టం లేక మేము ఈ మాటలు అనడం లేదు. సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది జూన్‌లో నియమాలూ వచ్చాయి. అండం ఇచ్చే స్త్రీ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఆమె నుంచి ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలను ఒక్క జంటకే ఇవ్వాలి. పిల్లల కోసం వచ్చిన జంట దాతకు పన్నెండు నెలల బీమా చేయించాలి. అండాల అమ్మకం నేరం. పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డగానే చెల్లుతుంది, దాతకు తల్లి హక్కులేవీ ఉండవు. మొదటి తప్పుకు ఐదు నుంచి పది లక్షల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల జైలు. ఇంత రాసి పెట్టారు. ఇందులో ఒక్క వాక్యం కూడా మేము వెళ్లిన ఏ కేంద్రం గోడ మీదా తెలుగులో కనిపించలేదు.

కనుక మా కోరికలు వరుసగా రాస్తున్నాం.

1. అంగీకార పత్రాలన్నీ తెలుగులో ఇవ్వాలి. నగరి, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళమే మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లకు తమిళంలో ఇవ్వాలి. సంతకానికి కనీసం మూడు రోజుల ముందు ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి.

అద్దె గర్భం చట్టం, అదీ 2021లో వచ్చిందే, బిడ్డను మోసే స్త్రీ అంగీకారం ఆమెకు అర్థమయ్యే భాషలో తీసుకోవాలని స్పష్టంగా రాసింది. అండం ఇచ్చే స్త్రీకి మాత్రం అర్థం కానవసరం లేదా? ఆమె శరీరంలోకీ సూదులు వెళ్తాయి. పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు వేసుకోవాలి. ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ముప్పై నాలుగు నుంచి ముప్పై ఆరు గంటలకు మత్తు ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ యోని మార్గం గుండా సూదితో అండాలు తీస్తారు. ఈ మాటలు ఆమెకు ముందే, ఆమె భాషలో చెప్పాలి.

వేసవి సెలవుల్లో నేనే కూర్చుని, మా చేతికొచ్చిన పత్రాల్లో దాతకు సంబంధించిన భాగాన్ని తెలుగులో రాశాను. మా వీధిలో రవికలు కుట్టే ఒక అమ్మాయికి చదివి వినిపించాను. "ఉపద్రవాలు సంభవించవచ్చు" అన్న దగ్గర ఆమె మిషన్ ఆపి, "అంటే ఏమవుతుంది అక్కా?" అని అడిగింది. ఆ వాక్యం కొట్టేసి, "కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి, ఊపిరి ఆడకపోవచ్చు, మూత్రం తగ్గిపోవచ్చు, అరుదుగా రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు, వీటిలో ఏది కనిపించినా వెంటనే రండి" అని రాశాను. అప్పుడు ఆమె తల ఊపి, "ఇది తెలిస్తే కొందరు ఇవ్వరు కదా" అంది. అవును, కొందరు ఇవ్వరు. తెలిసి మానుకునే హక్కు వాళ్లకుంది. తెలిసి కూడా ముందుకు వచ్చిన స్త్రీ ఇచ్చిన అండాన్నే మేము కడుపున మోయాలనుకుంటున్నాం. ఆ తెలుగు ప్రతిని ఈ లేఖకు జత చేస్తున్నాం. తప్పులుంటే మీ డాక్టర్లు దిద్దండి, న్యాయ విభాగం చూడనివ్వండి, కానీ వాడండి.

2. దాత బీమా పత్రం మొదటి ఇంజెక్షన్‌కు ముందే ఆమె చేతిలో ఉండాలి. డబ్బు మేము కడుతున్నాం, కట్టినందుకు మాకు బాధ లేదు. ఆమె పేరు, చిరునామా కనపడకుండా చెరిపేసి, పాలసీ నంబరు, మొత్తం, తేదీలు ఉన్న ప్రతి మాకు ఇవ్వండి. అండాలు తీయడం వల్ల వచ్చే ఇబ్బందులన్నిటికీ సరిపోయేంత బీమా ఉండాలని నియమాలే చెబుతున్నాయి. ఆ పత్రం దాతను తీసుకొచ్చే ఏజెంటు సంచిలో ఉండిపోతే ఏం లాభం? అర్ధరాత్రి ఏ సత్యవేడు ఆసుపత్రికో వెళ్లిన అమ్మాయి ఏం చూపించి చికిత్స అడుగుతుంది? అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆమె ఏ ఇంజెక్షన్లు వేసుకుందో ఎలా తెలుస్తుంది? బీమా కాగితంతో పాటు, ఆమె వేసుకున్న మందుల పేర్లు, అండాలు తీసిన తేదీ, ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఒక ఫోను నంబరు ఉన్న చీటీ ఆమెకు ఇవ్వాలి. గర్భిణులకు తల్లీబిడ్డల కార్డు ఇస్తున్నట్టే దీన్నీ ఇవ్వవచ్చు. ఖర్చు ఒక అట్టముక్క.

3. ఎన్ని అండాలు తీశారు, ఎన్ని పక్వమైనవి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఎన్ని పిండాలు నిలిచాయి, ఎన్నిటిని గర్భంలో పెట్టారు, ఎన్ని నిల్వ ఉంచారు అన్న లెక్క ల్యాబు సంతకంతో ప్రతి జంటకూ ఇవ్వాలి. ఆ దాత అండాలు మరే జంటకూ వెళ్లలేదని లిఖితపూర్వకంగా చెప్పాలి.

ఇది మాకు లెక్కల పట్టింపు అనుకోకండి. మన వైపు పెళ్లి సంబంధాలు ఎలా కుదురుతాయో మీకు తెలియనిది కాదు. అదే కులంలో, అదే నాలుగు మండలాల్లో, వీలైతే మేనరికంలోనే చూసుకుంటారు. దాతను వెతికేటప్పుడు ఏజెంట్లు అడిగే మొదటి ప్రశ్నల్లో కులం, రంగు ఉంటాయని మా తొమ్మిది జంటల అనుభవం. ఒకే అమ్మాయి అండాలు ఒకే ఊళ్లో, ఒకే కులంలో రెండు ఇళ్లకు వెళ్తే, ఇరవై ఐదేళ్ల తర్వాత ఆ ఇద్దరు పిల్లలకు పెళ్లిచూపులు జరగవని ఎవరు హామీ ఇస్తారు? వాళ్లు తోబుట్టువులని చెప్పే గొంతు ఆ ఇంట్లో ఒక్కటీ ఉండదు. ఒక దాత, ఒక జంట అన్న నియమాన్ని పాటించకపోతే ఆ భారం మా పిల్లల మీద పడుతుంది.

ఏడు అండాల పరిమితి మీద చాలామంది డాక్టర్లకు అభ్యంతరం ఉందని మాకు తెలుసు. తీసిన ఏడింటిలో అన్నీ పనికిరావు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది, మాకే ఖర్చు పెరుగుతుంది అంటారు. ఆ మాటలో నిజం ఉంది, మా చికిత్స ఫలించకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఈ చట్టాల మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు కూడా ఉన్నాయి. మీ వాదన అక్కడ వినిపించండి. అక్కడ మారేదాకా మాత్రం ఏడంటే ఏడే. ఎనిమిదోది తీసి మాకు మేలు చేశామని చెప్పకండి.

4. దాత వయసు, గుర్తింపు ఆధార్ కార్డు జిరాక్సు చూసి వదిలేయకూడదు. వేలిముద్రతోనో, ఓటీపీతోనో సరిచూడాలి. ఆమె ఇంతకు ముందు ఎక్కడైనా ఇచ్చిందో లేదో, ఈ చికిత్సల వివరాలు నమోదయ్యే జాతీయ రిజిస్ట్రీలో చూసిన తర్వాతే మందులు మొదలుపెట్టాలి. ఏజెంటు లేకుండా, ఒంటరిగా, ఒక మహిళా కౌన్సెలర్ ఆమెతో మాట్లాడాలి.

2022లో తమిళనాడు ఈరోడ్‌లో బయటపడిన కేసు మన జిల్లాలో ఎవరూ మరచిపోకూడదు. పదహారేళ్ల పిల్ల. కన్నతల్లి, ఆమెతో ఉంటున్న మనిషి, ఒక ఏజెంటు కలిసి దొంగ ఆధార్‌తో వయసు పెంచి, ఆ పిల్ల అండాలను పదేపదే అమ్మారు. తమిళనాడు ప్రభుత్వ దర్యాప్తులో పొరుగు రాష్ట్రాల ఆసుపత్రుల ప్రస్తావనా వచ్చింది. అందులో మన తిరుపతి పేరు కూడా ఉంది. ఆ వార్త వచ్చినప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నా ముందున్న జవాబు పత్రాలు రాసిన ఆడపిల్లలదీ అదే వయసు. కొండ కింద ఊరు, రైలు దిగి నాలుగు రాష్ట్రాల వాళ్లు వచ్చే ఊరు. ఎవరు ఎక్కడి నుంచి ఎవరిని తీసుకొచ్చారో ఎవరికీ పట్టని రద్దీ ఇది. ఇక్కడ తనిఖీ మిగతా చోట్ల కంటే గట్టిగా ఉండాలి.

5. "డోనర్ ప్యాకేజీ" అన్న ఒక్క వరుస బిల్లు మానేయండి. దాత మందులకు ఎంత, స్కానింగులకు ఎంత, బ్యాంకుకు ఎంత, బీమాకు ఎంత, ల్యాబుకు ఎంత, ఆసుపత్రికి ఎంత అన్నది విడివిడిగా రాయాలి. అండాల అమ్మకం నేరమైనప్పుడు, మేము కట్టిన మూడు లక్షల అరవై వేలలో ఏ రూపాయి దేనికి వెళ్లిందో మేము తెలుసుకోవాలి. తెలియకుండా మమ్మల్ని కూడా ఆ నేరంలో భాగస్వాములను చేయకండి.

6. మాకు నిజం చెప్పండి. చికిత్స వల్ల వచ్చే లాభనష్టాలు, ఖర్చు, దుష్ఫలితాలు, ఆ కేంద్రంలో గెలుపు అవకాశాలు అన్నీ వివరించి కౌన్సెలింగ్ చేయాలని చట్టం కేంద్రాలకు బాధ్యత పెట్టింది. మాకు దక్కింది నాలుగు నిమిషాలు. దాత అండంతో గర్భం నిలిచే అవకాశం ప్రధానంగా దాత వయసు మీద ఆధారపడుతుందని, అందుకే నా వయసుకు నా అండాలతో కంటే ఇది మెరుగని రెండో కేంద్రంలో ఒక డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పారు. దాత అండంతో వచ్చిన గర్భంలో బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువని కూడా ఆమే చెప్పారు. ఎనిమిదో నెలలో నాకు బీపీ నిజంగానే పెరిగింది. ముందే తెలుసు కాబట్టి కాళ్లు వాచిన రోజే ఆసుపత్రికి పరుగెత్తాం. మొదటి చోట గర్భం నిలిచి ఉంటే, ఆ వాపును "కడుపుతో ఉన్నప్పుడు మామూలే" అనుకుని ఇంట్లోనే పడుకునేదాన్ని. మా జంటల్లో ఒకామె అలాగే అనుకుంది. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు.

గోడల మీద నవ్వే పసిపాపల బొమ్మలు పెడుతున్నారు. వాటి పక్కనే ఒక చిన్న బోర్డు పెట్టండి: గత ఏడాది ఈ కేంద్రంలో ఎన్ని చికిత్సలు జరిగాయి, ఎందరు బిడ్డతో ఇంటికి వెళ్లారు. పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్ల లెక్క మాకు అక్కర్లేదు. దాని కింద చట్టం ప్రకారం ఉండాల్సిన ఫిర్యాదుల విభాగం నంబరు రాయండి.

7. ఫిర్యాదు చేయడానికి జిల్లాలోనే ఒక అధికారి కావాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక మా బాధ రెండింతలైంది. మేముండేది చిత్తూరు జిల్లా, చికిత్స తిరుపతి జిల్లా. ఒకచోట ఇస్తే "అక్కడ ఇవ్వండి" అన్నారు, అక్కడ ఇస్తే "ఇది రాష్ట్ర స్థాయి విషయం" అన్నారు. రాష్ట్రంలో ఏదైనా ఒక ప్రాంతానికి విడిగా అధికార సంస్థను నియమించే వీలు చట్టంలో ఉంది. లింగ నిర్ధారణ నిషేధ చట్టానికి జిల్లా స్థాయి వ్యవస్థ నడుస్తూనే ఉంది కదా, దీనికీ అలాగే పెట్టండి. అర్జీకి ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు ఇవ్వండి. "విచారించాం, తప్పేమీ లేదు" అన్న జవాబైనా సరే. ఏ జవాబూ రాకపోవడం కంటే అది నయం.

8. బిడ్డ ఆరోగ్యం కోసం దాత వైద్య చరిత్ర ఇవ్వండి. పేరు వద్దు, ఊరు వద్దు. బ్లడ్ గ్రూపు, చేసిన పరీక్షలు, ఇంట్లో చక్కెర, గుండె జబ్బు, తలసీమియా వంటివి ఉన్నాయో లేవో చాలు. మా పాపకు ఆరు నెలలప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. పిల్లల డాక్టరు "మీ ఇద్దరి ఇళ్లలో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయా?" అని అడిగారు. నా భర్త తన వైపు చెప్పారు. నేను నోరు తెరిచి, ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. కేంద్రాల్లోని రికార్డులు పదేళ్ల తర్వాత జాతీయ రిజిస్ట్రీకి వెళ్లాలని చట్టం చెబుతోంది. ఈలోగా ఏదైనా కేంద్రం మూతపడితే ఆ కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా తేల్చండి.

9. ప్రభుత్వ వైద్యంలో ఈ చికిత్సకు చోటు ఇవ్వండి. హైదరాబాదులో గాంధీ ఆసుపత్రిలో 2023లో సంతాన సాఫల్య కేంద్రం తెరిచారు. తిరుపతిలో వైద్య కళాశాల ఉంది, ప్రసూతి ఆసుపత్రి ఉంది, రాయలసీమ అంతా అక్కడికే వస్తుంది. ఒకేసారి అన్నీ అడగడం లేదు. ముందు వారానికి ఒక రోజు ఉచిత కౌన్సెలింగ్ మొదలుపెట్టండి. ఏ ఏజెంటు మాటా వినక ముందు, కమ్మలు తాకట్టు పెట్టక ముందు, జీతానికి పనిచేసే ఒక డాక్టరు మా కాగితాలు చూసి "మీకు ఇది అవసరం, ఇది అవసరం లేదు" అని చెబితే సగం ఇళ్లు అప్పుల్లో పడవు.

డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో ఎక్కువమంది నిజాయితీగా చేస్తున్నారు. నా రెండో చికిత్స అలాంటి చోటే జరిగింది. అక్కడ సంతకాల రోజు ఒక నర్సమ్మ పక్కన కూర్చుని ప్రతి పేజీ తెలుగులో చెప్పింది, గంటన్నర పట్టింది. దాత బీమా పాలసీ ప్రతి పేరు చెరిపి ఇచ్చారు. ఐదు అండాల లెక్క సంతకంతో ఇచ్చారు. పైన మేము అడిగినవాటిలో చాలావరకు ఆ ఒక్క కేంద్రం ఏ ఆదేశం లేకుండానే చేసింది. కనుక "ఆచరణలో కుదరదు" అన్న జవాబును మేము ఒప్పుకోలేము.

అధికారులకు మా విన్నపం. ఈ లేఖ ప్రతిని, తెలుగు అంగీకార పత్రంతో, మూడు పాత రశీదుల జిరాక్సులతో కలిపి వచ్చే సోమవారం మళ్లీ అర్జీగా ఇస్తున్నాం. ఈసారి మా తొమ్మిది జంటల్లో నలుగురు స్వయంగా వస్తారు. నేను పాపను ఎత్తుకుని వస్తాను. మా పేర్లు, ఫోను నంబర్లు మీకు విడిగా, మూసిన కవరులో ఇస్తాం. వాటిని గోప్యంగా ఉంచి, మా కేసుల్లో ల్యాబు రికార్డులు, బీమా పాలసీలు తెప్పించి చూడండి. అండాలు తీసిన ఆ రోజు మా దాత క్షేమంగా ఇల్లు చేరిందా లేదా అన్నది కూడా ఆ రికార్డుల్లో వెతకండి. మొదటి అర్జీ నుంచీ మేము అడుగుతున్న ప్రశ్నల్లో అదీ ఉంది.

భవదీయులు,
తొమ్మిది జంటల తరఫున ఒక తల్లి,
చిత్తూరు జిల్లా